పాత ఫ్రిజ్, ఒక ఈఎస్‌పీ32 బోర్డు, 20 లీటర్ల పిల్స్‌నర్: లాగర్ బీరుకి టెంపరేచర్ కంట్రోలర్ చేసుకోవడం ఎలా?

ఇప్పటిదాకా ఇక్కడ ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల గురించే రాశాను. ఈసారి కొనే గాడ్జెట్ కాదు, మనం తయారు చేసుకునే గాడ్జెట్. దాంతో నేను జర్మన్ పిల్స్‌నర్ బీరు చేశాను. దానికంటే ముందు మా నాన్న కల్లు పాడు చేశాను. రెండూ చెప్తాను.

మొదట చట్టం సంగతి, ఎందుకంటే కామెంట్లలో అడిగే మొదటి ప్రశ్న అదే. తెలంగాణలో లైసెన్స్ లేకుండా ఇంట్లో బీరు కాయడం నేరం. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది, "సొంతానికే కదా" అంటే ఒప్పుకోదు. పైగా ఇక్కడ మద్యం తాగడానికి 21 ఏళ్లు నిండాలి. కాబట్టి నేను మా ఊళ్లో చేసింది కంట్రోలర్ మాత్రమే. బీరు చేసింది జర్మనీలో, ఆన్‌సైట్‌కి వెళ్లినప్పుడు స్టట్‌గార్ట్‌లో. అక్కడ 2024 జనవరి నుంచి సొంత వాడకానికి, అమ్మకుండా, ఏడాదికి 500 లీటర్ల వరకు పన్ను లేకుండా ఇంట్లో చేసుకోవచ్చు. మీరు ఇండియాలో ఉంటే ఈ కంట్రోలర్‌ని దోసెల పిండికి, పెరుగుకి, చీజ్‌కి వాడుకోండి. లాజిక్ ఒకటే.

మాది ఎర్రుపాలెం. ఖమ్మం జిల్లా చివర, ఆంధ్రా బోర్డర్‌కి ఆనుకుని ఉంటుంది. విజయవాడ రైలు మార్గంలో మధిర దాటాక వచ్చే చిన్న స్టేషన్. జమలాపురం వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లినవాళ్లకి తెలిసే ఉంటుంది. నాన్న గీత కార్మికుడు. టీఎఫ్‌టీ లైసెన్స్ ఉంది, అంటే తన పేరు మీద చెట్లు గీసుకుని కల్లు అమ్ముకునే అనుమతి. తెల్లారకముందే మోకు, ముస్తాదు వేసుకుని తాడిచెట్లు ఎక్కుతాడు. ఏడింటికి దించిన కల్లు తియ్యగా ఉంటుంది. పది దాటితే ఘాటు. మధ్యాహ్నం రెండింటికి పులుపు. సాయంత్రానికి మిగిలింది పారబోయడమే.

2024 మే నెలలో వర్క్ ఫ్రమ్ హోమ్ మీద ఊళ్లో ఉన్నాను. రాత్రిళ్లు యూట్యూబ్‌లో హోమ్‌బ్రూయింగ్ వీడియోలు చూస్తుంటే నాకొకటి అర్థమైంది. కల్లూ బీరూ రెండూ ఈస్ట్ చేసే పనే. తేడా అంతా టెంపరేచర్‌లో ఉంది.

లాగర్ ఎందుకు మొండిది?

తాటికల్లులో ఈస్ట్‌ని ఎవరూ వేయరు. లొట్టిలో, గెల మీద, గాలిలో ఉన్నదే పని మొదలుపెడుతుంది. దానితోపాటు లాక్టిక్ బ్యాక్టీరియా, తర్వాత వెనిగర్ చేసే బ్యాక్టీరియా కూడా దిగుతాయి. 35, 40 డిగ్రీల వేడిలో అన్నీ కలిసి గంటల్లో పని ముగిస్తాయి. అందుకే నీరాగా ఉంచాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు. సున్నం వల్ల పీహెచ్ పెరిగి ఈ సూక్ష్మజీవులకి ఊపిరాడదు. బీరు చేసేవాళ్లు శానిటైజర్‌తో చేసే పనికి ఇది మన పాత వెర్షన్ అనుకోండి.

పిల్స్‌నర్ దీనికి పూర్తిగా రివర్స్. ఒకే రకం ఈస్ట్, 10 డిగ్రీల చలి, వారాల తరబడి ఓపిక. దీని పుట్టుక కూడా చల్లని నేలమాళిగల్లోనే. ఇప్పటి చెక్ దేశంలో ఉన్న ప్ల్జెన్ అనే ఊళ్లో 1842 అక్టోబర్ 5న యోసెఫ్ గ్రోల్ అనే బవేరియా బ్రూవర్ మొదటి బ్యాచ్ కాచాడు. ఆ బంగారు రంగు బీరునే జర్మన్లు తర్వాత ఇంకాస్త పలచగా, పొడిగా, చేదుగా మార్చుకున్నారు. అదే జర్మన్ పిల్స్. బవేరియాలో అయితే 1553 నుంచి వేసవిలో బీరు కాయడమే నిషేధంగా ఉండేది. ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 దాకా కాయకూడదనేవాళ్లు. ఎండాకాలం బీరు పాడైపోతుందని వాళ్లకి అనుభవం మీద తెలుసు, కారణం మాత్రం తెలియదు.

ఇక్కడ గాడ్జెట్ ప్రియులకి నచ్చే విషయం ఒకటి. 1870ల్లో కార్ల్ ఫాన్ లిండే అనే ఇంజనీరింగ్ ప్రొఫెసర్ తయారు చేసిన కూలింగ్ మెషీన్లకి మొదటి కస్టమర్లు బీరు కంపెనీలే. మ్యూనిక్‌లోని స్పాటెన్ బ్రూవరీ వాటిలో ఒకటి. అంటే మన వంటింటి ఫ్రిజ్ వంశవృక్షంలో బీరు ఉంది. నేను ఫ్రిజ్‌లో బీరు చేస్తున్నానంటే దాన్ని పుట్టింటికి తీసుకెళ్తున్నట్టే.

ఆ ఈస్ట్ పేరు సాక్రోమైసిస్ పాస్టోరియానస్. మామూలు బ్రెడ్ ఈస్ట్‌కి, చలిని తట్టుకునే ఇంకో జాతికి పుట్టిన హైబ్రిడ్. ఆ రెండో జాతి ఏంటో 2011 దాకా తెలియలేదు. చివరికి అర్జెంటీనాలోని పటగోనియా అడవుల్లో చెట్ల మీద దొరికింది. ఈ హైబ్రిడ్ 10 డిగ్రీల్లో నెమ్మదిగా పనిచేస్తుంది, పండ్ల వాసనలు ఎక్కువ వదలదు. అదే 25 డిగ్రీల్లో పెడితే అరటిపండు వాసన, ఘాటు ఆల్కహాల్ వస్తాయి. పిల్స్‌నర్‌లో దాచుకోవడానికి వేరే రుచులేవీ ఉండవు కాబట్టి చిన్న తప్పు కూడా నాలుక మీదే తెలుస్తుంది.

ఇంకో చిక్కు. ఈస్ట్ చక్కెర తింటూ వేడి కూడా పుట్టిస్తుంది. లెక్క వేద్దాం. కిలో చక్కెర పులిస్తే సుమారు 590 కిలోజౌల్స్ వస్తాయి. 20 లీటర్లలో సుమారు 1.6 కిలోలు పులుస్తుంది, అంటే 940 కిలోజౌల్స్. 20 లీటర్ల నీటిని ఒక డిగ్రీ పెంచడానికి 84 కావాలి. వేడి బయటికి పోకుండా మూసేస్తే బీరు తనంతట తానే 11 డిగ్రీలు ఎక్కుతుంది! కాబట్టి చుట్టూ ఉన్న గాలి 10 డిగ్రీలు ఉంటే చాలదు. బీరు 10 డిగ్రీలు ఉండాలి. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి. నేను రాసింది నేనే మర్చిపోయాను, ఆ కథ చివర్లో వస్తుంది.

కంట్రోలర్ బిల్డ్

మధిరలో సెకండ్ హ్యాండ్ షాపులో 165 లీటర్ల సింగిల్ డోర్ ఫ్రిజ్ 2,500కి దొరికింది. లోపలి అరలు తీసేస్తే 20 లీటర్ల వాటర్ క్యాన్ నిలువుగా పడుతుంది. ఫ్రిజ్ సొంత థర్మోస్టాట్‌ని ఫుల్ కూలింగ్‌లో పెట్టి, పవర్‌ని మన రిలే ద్వారా ఇస్తాం. ఎప్పుడు ఆన్, ఎప్పుడు ఆఫ్ అనేది ఈఎస్‌పీ32 చెప్తుంది.

సెన్సార్ డీఎస్18బీ20, స్టీల్ ట్యూబ్‌లో వచ్చే వాటర్‌ప్రూఫ్ రకం. డేటా లైన్‌కి, 3.3 వోల్టులకి మధ్య 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ తప్పనిసరి. దీని యాక్యురసీ ప్లస్ ఆర్ మైనస్ అర డిగ్రీ. రిజల్యూషన్ 0.0625 అని చూసి మోసపోకండి, రెండూ వేరు. గ్లాసు నిండా పగలగొట్టిన ఐస్, కాస్త నీళ్లు పోసి అందులో సెన్సార్ ముంచండి. సున్నా చూపించాలి. నాది 0.4 చూపించింది. కోడ్‌లో ఆ 0.4 తీసేశాను.

రిలే దగ్గర పిసినారితనం వద్దు. కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కరెంట్‌కి చాలా రెట్లు లాగుతుంది. 10 ఆంప్స్ నీలం రిలే కాంటాక్టులు కొన్నాళ్లకి అతుక్కుపోతాయి, అప్పుడు ఫ్రిజ్ ఆగదు. నేను 30 ఆంప్స్ రిలే వాడాను. ఇది 230 వోల్టుల పని. మీకు వైరింగ్ రాకపోతే ఊళ్లో ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఎర్త్ లేకుండా, తడి చేతులతో, బ్రెడ్‌బోర్డ్ మీద మెయిన్స్ వద్దే వద్దు.

ఆన్ చేసే పాయింట్‌కీ ఆఫ్ చేసే పాయింట్‌కీ గ్యాప్ ఉండాలి. బీటెక్‌లో కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్లకి తెలుసు, దాన్ని హిస్టెరిసిస్ అంటారు. టార్గెట్ 10 అయితే 10.5 దగ్గర ఆన్, 10 దగ్గర ఆఫ్. దాంతోపాటు కంప్రెసర్ ఒకసారి ఆగాక కనీసం 5 నిమిషాలు మళ్లీ ఆన్ చేయకూడదు. లోపల గ్యాస్ ప్రెషర్ సమానం కాకముందే స్టార్ట్ చేస్తే మోటార్ తిరగలేక కాలిపోతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా ఈ 5 నిమిషాలు లెక్కపెట్టాలి. మా ఊళ్లో మే నెలలో అది రోజుకి నాలుగైదు సార్లు జరిగే వ్యవహారం.

వేడి చేయడానికి ఒక 60 వాట్ల పాత బల్బుని పెయింట్ డబ్బాలో పెట్టి రెండో రిలేకి కలిపాను. "మే నెల్లో ఎర్రుపాలెంలో హీటర్ ఏంట్రా బాబూ" అనకండి. జర్మనీ చలికి, బీరు చివరి దశకి అది కావాలి. ఫర్మ్‌వేర్ మొత్తం ఒకేసారి టెస్ట్ చేద్దామనుకున్నాను.

మొదటి టెస్ట్ నీళ్లతో. 34 డిగ్రీల నీళ్లు 10కి దిగడానికి దాదాపు 11 గంటలు పట్టింది. ఆఫ్ అయ్యాక కూడా చల్లగాలి లోపలే ఉంటుంది కాబట్టి నీళ్లు 9 కిందికి జారాయి. దీనికి మందు రెండో సెన్సార్. ఒకటి నీళ్లలో, ఇంకోటి గాలిలో. గాలి 4 డిగ్రీల కంటే దిగితే నీళ్లు ఇంకా వేడిగా ఉన్నా కంప్రెసర్ కాసేపు ఆగాలి. ఈ మార్పుతో 10కి ఇటూ అటూ 0.3 లోపు నిలబడింది. ఫోన్‌లో గ్రాఫ్ చూసుకుంటూ రెండు రోజులు మురిసిపోయాను.

మైనస్ 127

నాన్న ఫ్రిజ్ దగ్గరికి వచ్చి చాలాసేపు చూశాడు. క్యాన్ మీద అరచెయ్యి పెట్టాడు.

"పొద్దున దించిన కల్లు ఇందులో పెడితే సాయంత్రం దాకా పులవకుండా ఆగుద్దా?"

"ఆగుద్ది నాన్నా, 4 డిగ్రీల్లో పెడితే ఈస్ట్ దాదాపు నిద్రపోద్ది."

మరుసటి రోజు మూడు చెట్ల కల్లు, అయిదు లీటర్లు, అమ్మకుండా నాకిచ్చాడు. టార్గెట్ 4 పెట్టాను. ఉదయం పదకొండింటికి 6 దాకా దిగింది. నేను మీటింగ్‌లో కూర్చున్నాను. మధ్యలో కరెంటు పోయి వచ్చింది, ఇన్వర్టర్ మీద ఉన్న నా లాప్‌టాప్‌కి తెలియనే లేదు.

నాలుగింటికి అమ్మ పిలిచింది. ఫ్రిజ్ డోర్ సందులోంచి నురగ కారుతోంది. తీస్తే వేడిగాలి మొహానికి కొట్టింది, పులిసిన ఘాటు వాసన. డబ్బాలో బల్బు వెలుగుతోంది. మామూలు థర్మామీటర్ పెడితే 43 డిగ్రీలు.

ఏం జరిగిందంటే, కంప్రెసర్ అదురుకి బ్రెడ్‌బోర్డ్‌లో సెన్సార్ వైరు వదులైంది. డీఎస్18బీ20 కనెక్షన్ పోతే లైబ్రరీ ఎర్రర్ మెసేజ్ ఇవ్వదు, మైనస్ 127 అనే నంబర్ ఇస్తుంది. నా కోడ్ ఏమనుకుంది? "టార్గెట్ 4, ఇప్పుడున్నది మైనస్ 127, బాగా చల్లబడిపోయింది, హీటర్ ఆన్ చెయ్." అయిదు గంటలపాటు నమ్మకంగా వేడి చేసింది. బోర్డు హ్యాంగ్ అవ్వలేదు, క్రాష్ అవ్వలేదు. నేను రాసింది రాసినట్టు చేసింది. ఇదే సెన్సార్‌కి ఇంకో జబ్బు కూడా ఉంది. పవర్ వచ్చిన వెంటనే, కొలత పూర్తవకముందే చదివితే 85 చూపిస్తుంది. 12 బిట్ కొలతకి 750 మిల్లీసెకన్లు ఆగాలి.

నాన్న కల్లు తీసుకెళ్లి పెరట్లో పారబోశాడు. నేను మైనస్ 127 కథంతా చెప్పాను. విని ఒకటే మాట అన్నాడు. "తెలియనప్పుడు చెయ్యి పెట్టకూడదురా. పక్కకి జరగాలి."

తిట్టి ఉంటే బాగుండేది. మూడు చెట్లు ఎక్కి దిగడం అంటే ఏంటో నాకు తెలుసు. ఆ రాత్రే ఫర్మ్‌వేర్ తిరగరాశాను, దాదాపు ఆయన చెప్పినట్టే. మైనస్ 10 కంటే తక్కువ గానీ 60 కంటే ఎక్కువ గానీ వస్తే ఆ రీడింగ్ చెత్త. వరసగా పది చెత్త రీడింగులు వస్తే రెండు రిలేలూ ఆఫ్, బజర్ ఆన్, ఫోన్‌కి మెసేజ్. హీటర్ ఒక్కసారికి 20 నిమిషాల కంటే ఎక్కువ వెలగదు, టెంపరేచర్ ఏమున్నా సరే. రెండు సెన్సార్ల మధ్య 15 డిగ్రీల కంటే ఎక్కువ తేడా గంటకి మించి ఉంటే అది కూడా అలారమే. బోర్డ్ హ్యాంగ్ అయితే వాచ్‌డాగ్ టైమర్ రీస్టార్ట్ చేస్తుంది, రీస్టార్ట్‌లో రిలేలు ఆఫ్‌లోనే మొదలవుతాయి. బ్రెడ్‌బోర్డ్ తీసేసి సోల్డర్ చేశాను. వాణిజ్య కంట్రోలర్లు కొంటే ఇందులో సగం వాటిలోనే ఉంటుంది, కానీ అన్నిటిలో అలారం ఫోన్‌కి రాదు.

జూన్‌లో తాళ్లు గీయడం ఆగిపోయేలోపు ఇంకో మూడు సార్లు టెస్ట్ చేశాం. ఈసారి అర లీటరు చొప్పునే అడిగాను.

ఇక బీరు

2025 జనవరి, స్టట్‌గార్ట్. నేను ఉన్న ఫ్లాట్ కింద సెల్లార్, పాత ఫ్రిజ్ ఒకటి 40 యూరోలకి. బోర్డు, సెన్సార్లు ఊరి నుంచి తెచ్చినవే. అక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జే కాబట్టి ప్లగ్ మాత్రం మార్చాను.

20 లీటర్ల బ్యాచ్‌కి 4.2 కిలోల పిల్స్‌నర్ మాల్ట్. మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. మనింట్లో రాగులు మొలకెత్తించి ఎండబెట్టి పిండి పట్టిస్తాం కదా, అదే ఐడియా. మొలకలో పుట్టిన ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. దంచిన మాల్ట్‌ని వేడినీళ్లలో కలిపి 63 డిగ్రీల్లో 40 నిమిషాలు, తర్వాత 72లో 20 నిమిషాలు ఉంచాను. 63 దగ్గర పనిచేసే ఎంజైమ్ ఈస్ట్ తినగల చిన్న చక్కెరలు చేస్తుంది, 72 దగ్గరది మిగిలిన పెద్ద గొలుసుల్ని తెంచుతుంది. జర్మన్ పిల్స్ పొడిగా ఉండాలి కాబట్టి మొదటిదానికి ఎక్కువ టైమ్. ఒక చుక్క అయోడిన్ వేసి చూడండి, నీలం రంగు రాకపోతే పిండి అయిపోయినట్టే.

వడగట్టిన తియ్యని నీళ్లని 90 నిమిషాలు మూత తీసి మరిగించాలి. 60 చాలదా? మిగతా బీర్లకి చాలు. పిల్స్‌నర్ మాల్ట్‌ని తక్కువ వేడిలో ఆరబెడతారు కాబట్టి ఉడికించిన మొక్కజొన్న వాసన ఇచ్చే డీఎంఎస్ అనే పదార్థం ఎక్కువ పుడుతుంది. అది ఆవిరితో పోవాలి. చివరి 60 నిమిషాలకి 15 గ్రాముల మాగ్నమ్ హాప్స్ చేదు కోసం, చివరి 20 నిమిషాలకి 25 గ్రాములు, 5 నిమిషాలకి ఇంకో 25 గ్రాములు హాలర్‌టావ్ మిటెల్‌ఫ్రూ వాసన కోసం. చేదు లెక్క వేస్తే 30 ఐబీయూ దాకా వస్తుంది, ఈ స్టైల్‌కి సరిపోతుంది. మన దగ్గర దొరికే మామూలు లాగర్లు అలవాటైనవాళ్లకి మొదటి గుక్క షాక్ ఇస్తుంది.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. గది వేడి దగ్గరే ఈస్ట్ వేసి, తర్వాత ఫ్రిజ్‌లో పెడతారు. వద్దు. ముందు 10కి దించి, అప్పుడు వేయండి. చల్లగా మొదలు కాబట్టి ఈస్ట్ కూడా డబుల్ కావాలి. డబ్ల్యూ-34/70 డ్రై ఈస్ట్ 11.5 గ్రాముల ప్యాకెట్లు రెండు వేశాను. వయెన్‌స్టెఫాన్ నుంచి వచ్చిన ఈ ఈస్ట్ లాగర్‌లో కొత్తవాళ్లని బాగా క్షమిస్తుంది.

మొదటి రోజు గ్రావిటీ 1.047. ఎనిమిది రోజులు 10 నుంచి 11 మధ్య నిలబడింది. సెన్సార్ ఫెర్మెంటర్ మూతలోంచి దిగిన స్టీల్ గొట్టంలో, బీరు మధ్యలో ఉంది. గాలి సెన్సార్ 7 చూపిస్తుంటే బీరు 10లో ఉన్న గంటలు కూడా గ్రాఫ్‌లో ఉన్నాయి. పైన వేసిన లెక్క నిజమే.

గ్రావిటీ 1.018కి వచ్చాక డయాసిటిల్ రెస్ట్. ఈస్ట్ పని చేస్తూ ఆల్ఫా అసిటోలాక్టేట్ అనే పదార్థాన్ని వదులుతుంది. అది నెమ్మదిగా డయాసిటిల్‌గా మారుతుంది. డయాసిటిల్ అంటే వెన్న వాసన, సినిమా హాల్ పాప్‌కార్న్ వాసన. లీటరుకి 0.1 మిల్లీగ్రాము ఉన్నా చాలామంది పసిగడతారు, కొందరికి అస్సలు తెలియదు. బీరుని 16, 17 డిగ్రీలకి పెంచితే ఈ మార్పు వేగంగా జరిగి, ఈస్ట్ ఆ డయాసిటిల్‌ని మళ్లీ మింగేస్తుంది. బల్బు పని ఇక్కడే. శాంపిల్ తీశాను, టార్గెట్ 17 పెట్టాను, మూడు రోజుల తర్వాత రుచి చూశాను, బాగుంది. నాలుగు వారాలు 1 డిగ్రీలో లాగరింగ్. చివరి గ్రావిటీ 1.010. తేడా 0.037ని 131.25తో గుణిస్తే 4.9 శాతం ఆల్కహాల్. గడ్డి రంగు, అద్దంలా క్లియర్. ఆఫీసులో ఒక జర్మన్ కొలీగ్ ఒక సీసా తాగి రెండోది అడిగాడు. అంతకంటే రివ్యూ ఏం కావాలి అనుకున్నాను.

నాన్న రివ్యూ

ఏప్రిల్‌లో ఊరికొచ్చాను. విమానంలో రెండు అర లీటరు సీసాలు తెచ్చాను, విదేశం నుంచి వచ్చేటప్పుడు రెండు లీటర్ల మద్యం వరకు అనుమతి ఉంది. ఇంట్లో ఫ్రిజ్ నిండా మామిడికాయ ముక్కలు, పాలు. సీసాలు బీరువాలో బట్టల మధ్య మూడు రోజులు ఉండిపోయాయి. బయట 41.

చల్లబరిచి స్టీల్ గ్లాసులో పోసిచ్చాను. నాన్న ముందు వాసన చూశాడు, లొట్టి దించగానే చూస్తాడే, అలా. ఒక గుక్క తాగాడు. "చేదుగా ఉంది. శుభ్రంగా ఉంది." ఇంకో గుక్క. "వెన్న వాసన వస్తంది."

నాకు రాలేదు. అమ్మకి ఇస్తే తాగనంది, కానీ వాసన చూసి "అవును, నెయ్యి కాచేటప్పటి వాసన" అంది.

లాప్‌టాప్ తీసి లాగ్ తెరిచాను. రెస్ట్ పెట్టిన రోజు బీరు సెన్సార్ గ్రాఫ్ 11 నుంచి 17కి నలభై నిమిషాల్లో ఎక్కింది. 20 లీటర్ల బీరుని 60 వాట్ల బల్బు నలభై నిమిషాల్లో ఆరు డిగ్రీలు పెంచడమా? 84 ఇంటు 6, 504 కిలోజౌల్స్. 60 వాట్లు నలభై నిమిషాల్లో ఇచ్చేది 144. అసాధ్యం. అప్పుడు గుర్తొచ్చింది. శాంపిల్ తీసేటప్పుడు స్టీల్ గొట్టం అడ్డొచ్చిందని సెన్సార్ బయటికి లాగి, ఫెర్మెంటర్ గోడకి టేప్‌తో అంటించాను. పైన ఫోమ్ ముక్క కూడా కప్పలేదు. అది కొలిచింది బల్బు వేడి చేసిన గాలిని. గాలి 17కి రాగానే బల్బు ఆగింది, చల్లారగానే వెలిగింది. మూడు రోజులు గాలికి రెస్ట్ దొరికింది, బీరుకి కాదు. అది మధ్యలో 13 దాటి ఉండదు. సేఫ్టీ చెక్‌లన్నీ పాసయ్యాయి, ఎందుకంటే 17 అనేది చెత్త నంబర్ కాదు.

మరి కొలీగ్‌కి ఎందుకు తెలియలేదు? మారకుండా మిగిలిపోయిన అసిటోలాక్టేట్‌కి వాసన లేదు. 1 డిగ్రీలో అది అలాగే పడుకుంది. చల్లటి సీసా తీసి చల్లగా తాగితే ఏమీ ఉండదు. మా బీరువాలో మూడు రోజుల వేడికి అదంతా డయాసిటిల్‌గా మారింది, మింగడానికి సీసాలో ఈస్ట్ పెద్దగా మిగల్లేదు. నిజానికి బ్రూవర్లు ఇదే పనిని టెస్ట్‌గా చేస్తారు. రెస్ట్ ముగించే ముందు రెండు గ్లాసుల శాంపిల్ తీసి, మూత పెట్టి, ఒకదాన్ని 60, 65 డిగ్రీల వేడినీళ్లలో 20 నిమిషాలు ఉంచి, చల్లార్చి, రెండూ పక్కపక్కన వాసన చూస్తారు. వేడి చేసినదాంట్లో వెన్న వస్తే రెస్ట్ ఇంకా అవ్వలేదు. అరగంట పని. వీడియోలో చూశాను కూడా, స్కిప్ చేశాను.

నాన్నకి ఇదంతా చెప్తే సగం విని, "చెయ్యి పెట్టి చూడలేదా?" అన్నాడు. 13కీ 17కీ తేడా అరచేతికి తెలుస్తుంది. పెట్టలేదు.

సెప్టెంబర్‌లో మళ్లీ వెళ్తున్నాను, రెసిపీ అదే. మార్పులు రెండే. సెన్సార్ గొట్టంలోనే ఉంటుంది, శాంపిల్‌కి కింద వేరే ట్యాప్ పెడుతున్నాను. ఫర్మ్‌వేర్‌లో కొత్త చెక్: బీరు సెన్సార్ గంటకి రెండున్నర డిగ్రీల కంటే వేగంగా మారితే అది బీరులో లేదని అర్థం, అలారం. 60 వాట్లకి, 20 లీటర్లకి ఫిజిక్స్ ఒప్పుకునే పరిమితి దాదాపు అదే. మీ హీటర్, మీ పాత్ర సైజు వేరైతే వాట్స్‌ని 3600తో గుణించి, లీటర్లని 4,180తో గుణించి వచ్చినదాంతో భాగించండి, మీ పరిమితి వస్తుంది.

మధిర ఫ్రిజ్ ఇప్పుడు పెరటి వరండాలో ఉంది, మిగిలిన కల్లు కోసం. 4 డిగ్రీల్లో పొద్దున ఏడింటి కల్లు సాయంత్రం ఆరింటికి కూడా తియ్యదనం మీదే ఉంటోంది. ఈ సీజన్‌లో బజర్ రెండుసార్లు మోగింది, రెండుసార్లూ సెన్సార్ వైరుని కోడి లాగింది. రెండుసార్లూ రిలేలు ఆఫ్ అయ్యాయి.